వెలుగు కాపురమున్న గదులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని చిత్రశాలలను దర్శించువారు సాధారణముగా మనుష్యరూపములున్న పటములయొద్ద ఆగుదురు. యుద్ధవీరుని ముఖమునో, రాణిగారి ఆభరణములనో, సంతలోని జనసమ్మర్దమునో చూచి, అందలి కథను ఊహించి, ఆ కథ తమకు బోధపడినంతవరకు ఆనందించి ముందునకు సాగిపోవుదురు. ఎవరును లేని ఒక గది, దాని గోడలు, ఒక కిటికీ, నేలపై పడిన ఎండ మాత్రమే ఉన్న పటము ఎదురైనప్పుడు చాలమందికి అచట కాలు నిలువదు. ఇందులో చూడవలసినది ఏమున్నదను ప్రశ్న పైకి అనకపోయినను మనస్సులో మెదలక మానదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కథ లేదు, కథానాయకుడు లేడు, రసమునకు ఆలంబనమగు పాత్ర లేదు. అయినను గడచిన నూరేండ్లలో అమెరికాదేశపు మేటి చిత్రకారులు కొందరు తమ పరిణతదశలోని శ్రమను ఇట్టి శూన్యగృహముల చిత్రణమునకు ధారవోసిరి. వారు ఆ శూన్యములో చూచినదేమి, దానిని మనకు చూపుటకు పన్నిన ఉపాయములేవి అనునది విచారింపదగిన విషయము.

మనుష్యుడున్న పటమున చూపరి దృష్టి మొదట ముఖముమీదికి పోవును. ముఖమునుండి చేతులకు, చేతులనుండి వస్త్రములకు దిగి, చివరకు ఓపిక మిగిలినచో వెనుకనున్న గోడను చేరును. ఆ మనుష్యుని తొలగించినంతనే గోడ ముందునకు వచ్చును. అప్పుడు చిత్రకారునికి మిగులునవి మూడు: వెలుగు, గాలి, చోటు. ఈ మూడింటిలో ఒక్కదానికిని స్వంతమగు ఆకారము లేదు. వెలుగు దేనిమీదనో పడినప్పుడే కనబడును; గాలి తాను కదల్చిన వస్తువు మూలమునను, తాను మసకపరచిన అంచు మూలమునను మాత్రమే తెలియును; చోటు గోడల నడుమ కుదిరిన కొలతవలన స్ఫురించును. ఆకారము లేనివానిని ఆకారమున్నవాని సాయముతో చూపవలసి యుండుటచే, ఖాళీగది చిత్రకారునికి కఠినపరీక్ష. వస్తువులను తీసివేసినంతమాత్రమున పటమున శూన్యము ఏర్పడదు. దానిని గోడ కట్టినట్లు కొలిచి కట్టవలెను. అట్లు కట్టిన శూన్యము చూపరికై ఉంచిన స్థానము. ఈ వ్యాసమున చెప్పదలచిన ప్రధానవిషయము ఇదియే.

మన ప్రాచీన భిత్తిచిత్రములలో ఈ సమస్య ఈ రూపమున తలయెత్తలేదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద విజయనగరకాలపు చిత్రకారులు రచించిన మూర్తులు చదునైన రంగునేలపై రేఖాసౌష్ఠవముతో నిలిచియుండును. వాటి వెనుక నీడ పడదు. వెలుగు ఏ దిక్కునుండి వచ్చుచున్నదని అడుగవలసిన పనియు లేదు. అది లోపము కాదు, మరియొక దృష్టి. గదిలోనికి ఒక దిక్కునుండి ప్రవేశించు వెలుగును ప్రధానవస్తువుగా గ్రహించిన సంప్రదాయము ఐరోపాఖండములో పెంపొందినది. 17వ శతాబ్దమున హాలండు దేశస్థుడగు పీటర్ సాన్‌రెడాం సున్నము కొట్టిన చర్చిగోడలను కొలబద్దతో కొలిచి, ఆ కొలతలనుండి పటములు నిర్మించెను. 1900 ప్రాంతమున డెన్మార్కు చిత్రకారుడు విల్హెల్మ్ హామర్‌షోయ్ కోపెన్‌హాగెన్‌లో తాను కాపురమున్న ఇంటి గదులనే బూడిదవన్నెలతో మరల మరల చిత్రించెను. అమెరికాలో ఈ వంశమునకు తొలి పెద్ద పటము చర్చిలోనో వాసగృహమునందో కాక, శాసనసభలో పుట్టుట విశేషము.

ఆ పటమును రచించినవాడు టెలిగ్రాఫు యంత్రమువలన లోకప్రసిద్ధుడైన శామ్యూల్ మోర్స్. తంతివార్తల యుగమునకు ముందు ఆయన వృత్తిచేత చిత్రకారుడు. 1821-22 శీతకాలమున వాషింగ్టన్ నగరమునకు పోయి, కాంగ్రెసు ప్రతినిధుల సభాభవనమును సుమారు 7 అడుగుల ఎత్తు, 11 అడుగుల వెడల్పు గల కాన్వాసుపై చిత్రించుటకు పూనుకొనెను. అందు 80 మందికి పైగా మనుష్యులున్నారు. వారిలో పెక్కండ్రు ఆయన ఎదుట కూర్చుండి తమ రూపములను వ్రాయించుకొన్నవారే. అయినను ఆ విశాలమైన కప్పు క్రింద, ఆ స్తంభముల నడుమ వారందరును అల్పప్రమాణులై కనబడుదురు. పటమునకు నడుమ నిలిచినవాడు మహావక్త కాడు. రాత్రి సమావేశమునకై క్రిందికి దించిన దీపగుచ్ఛమును వెలిగించుచున్న సేవకుడు. పగలు అస్తమించి దీపము ప్రవేశించు ఆ సంధికాలమున భవనమంతయు ఎట్లు మారునో అదియే మోర్స్‌కు ప్రధానమైనది. ఈ పటమును ఊరూర ప్రదర్శించి ధనమార్జింపవచ్చునని ఆయన ఆశించెను. కాని వాగ్వాదమేదియు లేని ఆ సభను చూచుటకు తగినంత జనము రాలేదు, నష్టమే మిగిలెను. నేడు ఆ పటము వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నది.

మోర్స్ పటమున అల్పప్రమాణులైన మనుష్యులను పూర్తిగా వెలుపలికి పంపివేసినవాడు వాల్టర్ గే. 1856లో మసాచుసెట్స్ రాష్ట్రమున జన్మించి, యౌవనముననే ఫ్రాన్సు చేరి, 1937లో మరణించువరకు అచ్చటనే నివసించిన ఈ చిత్రకారుడు, సంపన్నుల భవనములలోని గదులను వాటి కుర్చీలతోను అద్దములతోను చిత్రించెను. కాని ఆ కుర్చీలలో ఎవరును కూర్చుండరు. ఆ గదులు అచట లేని యజమానికి చెల్లించిన గౌరవముగా తోచును. తరువాతి తరమువాడగు చార్లెస్ షీలర్ ఆ యజమానిని కూడ మరపించెను. పెన్సిల్వేనియాలోని డాయిల్స్‌టౌన్‌లో 18వ శతాబ్దమునాటి రైతుటింటిని అద్దెకు తీసికొని, 1917 ప్రాంతమున రాత్రివేళ దీపపు వెలుగులో దాని మెట్లను, తలుపులను, కుంపటిని ఫోటోలు తీసెను. ఒక ఫోటోలో వెలుగు ఆ ఇనుపకుంపటి లోనుండియే వచ్చుచున్నట్లుండును. తెల్లని గోడ, నల్లని కిటికీ, వంపుతిరిగిన మెట్టు, ఇవియే ఆయనకు చాలినవి. ఆ మెట్లనే 1925లో తైలవర్ణములతో పటముగా చిత్రించెను. గే గదిలో ఐశ్వర్యము పలుకును. షీలర్ గదిలో క్షేత్రగణితము పలుకును. ఈ రెండవ మార్గమున గది ఒకరి ఆస్తి కాక, కేవలము వెలుగునకు పాత్రగా మారినది.

ఈ కళను పరాకాష్ఠకు చేర్చినవాడు ఎడ్వర్డ్ హాపర్. 1882లో న్యూయార్కు రాష్ట్రమున హడ్సన్ నదీతీరపు నయాక్ అను ఊరిలో జన్మించిన ఈయన, 1906లో పారిస్ నగరమునకు పోయినప్పుడు తాను బస చేసిన ఇంటిలోని మెట్లదారిని ఒక చిన్న కొయ్యపలకపై చిత్రించెను. అందప్పుడే మనుష్యుడు లేడు. స్వదేశమునకు తిరిగివచ్చి, బ్రతుకుతెరువునకై పత్రికలకు బొమ్మలు వేయుచు, నలువదవ యేడు దాటువరకు గుర్తింపు లేకయే కాలము గడపెను. 1924లో చిత్రకారిణియగు జోసెఫీన్ నివిసన్‌ను వివాహమాడెను. ఆయన పటములు ఆదరణకు వచ్చుటయు ఆ సంవత్సరమే. న్యూయార్కులోని వాషింగ్టన్ స్క్వేర్ ఉత్తరపు వీథిలో 3వ నంబరు ఇంటి మీది అంతస్తున, 74 మెట్లెక్కి పోవలసిన గదులలో, 1913 మొదలు 1967లో మరణించువరకు ఆయన నివాసము. 1934లో కేప్‌కాడ్ ద్వీపకల్పమునందలి ట్రూరోలో సముద్రమునకు ఎదురుగా ఒక చిన్న ఇల్లు కట్టించుకొని, ఆ దంపతులు తరువాతి వేసవులనెక్కువగా అచ్చటనే గడపిరి. కడపటి శూన్యగృహములకు మూలమైన ఎండ ఆ సముద్రతీరపు ఎండయే.

తన కోరిక అంతయు ఒక ఇంటి ప్రక్కగోడమీద పడు సూర్యకాంతిని చిత్రించుటయేనని హాపర్ చెప్పుకొనినట్లు ప్రసిద్ధి. ఆ మాట వినుటకు అల్పముగా తోచును గాని, చేయబూనినవానికి దాని కష్టము తెలియును. ఆకాశమున సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుచుండును. కాబట్టి గోడమీది ఎండపలక చిత్రకారుడు రంగు కలుపుకొనులోపలనే స్థానము మారును, ఆకారము మారును, వన్నె మారును. దానిని ఎదుట కూర్చుండి నకలు చేయుట అసాధ్యము. హాపర్ అందుచేత నల్లని క్రేయానుతో చిన్న చిత్తుబొమ్మలు వ్రాసికొని, ఏ చోట ఏ రంగో వాటిమీద మాటలలో గుర్తువేసికొని, పిమ్మట పనిగదిలో స్మృతినుండియు ఊహనుండియు పటమును నిర్మించెడివాడు. వార్ధక్యమున ఆయన సంవత్సరమునకు ఒకటి రెండు పటములకు మించి వేయకపోవుటకు సోమరితనము కారణము కాదు. జ్ఞాపకములోని ఎండ కాన్వాసుమీద నిలుచుటకు అంతకాలము పట్టెడిది.

1951లో వేసిన ‘రూమ్స్ బై ది సీ’ అను పటమును చూడుడు. సుమారు 29 అంగుళముల ఎత్తు, 40 అంగుళముల వెడల్పు గల ఈ పటము కనెక్టికట్ రాష్ట్రములోని యేల్ విశ్వవిద్యాలయ చిత్రశాలలో ఉన్నది. కుడివైపున తెరచిన తలుపు. ఆ తలుపునకు ఆవల మెట్టు లేదు, ముంగిలి లేదు, ఇసుక లేదు. నీలి సముద్రము నేరుగా గడపనే తాకుచున్నట్లుండును. నడుమ ఒక పెద్ద తెల్లని గోడ. దానిమీద ఏటవాలుగా తెగిన ఎండ. ఎడమవైపు సందులోనుండి మరియొక గది, అందలి ఎఱ్ఱని సోఫా, బల్ల, గోడకు తగిలించిన పటము కొంచెము కొంచెముగా కనబడును. ఇంటిలో ఎవరో కాపురమున్నారని ఎడమవైపు చెప్పుచుండగా, ఇక్కడ నిలుచుటకు నేలయే లేదని కుడివైపు చెప్పుచున్నది. ఈ రెండు మాటల నడుమ గోడమీది ఎండ ఏ పక్షమును వహింపక నిశ్చలముగా నున్నది. ట్రూరో ఇంటినుండి సముద్రము కనబడునేగాని, గడపను తాకదు. ఆ నేలను తొలగించినవాడు చిత్రకారుడే. శూన్యమును కట్టుట అనగా ఇదియే.

ఇట్టి పటములను చూచునప్పుడు గదిలోని వెలుగు నడచు తీరు కొంత తెలిసియుండుట మేలు. కిటికీనుండి రెండు విధములైన వెలుగులు లోనికి వచ్చును. నేరుగా వచ్చు ఎండ గది లోపలివరకు ఇంచుమించు ఒకే తీవ్రతతో పడును. ఆకాశమునుండి వచ్చు పరచిన వెలుగు మాత్రము కిటికీనుండి దూరమైనకొలది త్వరితముగా క్షీణించును. ఈ రెండవదాని క్షీణతయే గది లోతును మన కంటికి తెలుపును. ఎండ పడని చోట ఆకాశపు నీలము కొంత చేరుటవలన నీడ కేవలము నల్లగా నుండదు. కొయ్యనేలమీద పడిన ఎండ ఎగసి గోడ అడుగుభాగమునకు లేత పసిమినిచ్చును. సూర్యబింబము మన కంటికి అర డిగ్రీ వెడల్పున కనబడుటచేత నీడ అంచు కత్తితో కోసినట్లుండదు. కిటికీచట్రమునకు 10 అడుగుల దూరమున పడిన నీడకు సుమారు ఒక అంగుళము మేర మసక అంచు ఏర్పడును. ఈ మసకను యథాతథముగా చూపిన చిత్రకారుడు గాలిని స్ఫురింపజేయును. దానిని తగ్గించి అంచును గట్టిపరచినవాడు వెలుగును వస్తువువలె నిలబెట్టును. హాపర్ ఎక్కువగా రెండవ మార్గమును అవలంబించెను. కావుననే ఆయన ఎండపలకలు గోడమీద పడినట్లు కాక, గోడతోపాటు కట్టినట్లుండును.

మరణమునకు నాలుగేండ్లు ముందు, 1963లో, ఆయన ‘సన్ ఇన్ యాన్ ఎంప్టీ రూమ్’ అను పటమును రచించెను. అందు సామాను లేదు, తలుపు లేదు, సముద్రము లేదు. కుడివైపున ఒక కిటికీ, దానికి ఆవల ఆకుపచ్చని చెట్టు. ఎదుట ఒక గోడమూల. దగ్గరి గోడమీద ఒకటి, వెనుకకు నొక్కుకొన్న గోడమీద ఒకటిగా రెండు నిలువు ఎండపలకలు. నేలమీద మరికొంత ఎండ. మొదట ఒక మనుష్యుని కూడ అందు ఉంచవలెనని ఆయన తలపోసి, పిమ్మట ఆ రూపమును విడిచిపెట్టెను. చదువుకొనుచున్న దినములలో తానును సహాధ్యాయులును, చూచువాడెవ్వడును లేనప్పుడు గది ఎట్లుండునని తర్కించుకొనెడివారమని హాపర్ ఈ పటమునుగూర్చిన సంభాషణలో జ్ఞాపకము చేసికొనెను. ఎనుబదియేండ్ల వృద్ధుడు విద్యార్థిదశనాటి ప్రశ్నకు వ్రాసిన ఉత్తరము ఈ పటము. ఇందు మీరు వెదకుచున్నదేమని అడుగగా, తననే తాను వెదకుకొనుచున్నానని ఆయన బదులిచ్చెను. మనుష్యుడు లేని పటమున మనుష్యుని వెదకుట విరోధాభాసమువలె కనబడును. కాని గదిని చూచుచున్న దృష్టి ఎవరిదో ఒకరిది కాక తప్పదు, ఆ దృష్టియే ఇందలి ఏకైకపాత్ర.

హాపర్ పటములనుగూర్చి వ్రాయువారు ఒంటరితనము అను మాటను తరచు వాడుదురు. ఆ మాటను అతిగా వాడుచున్నారని హాపరే ఆక్షేపించెను. ఆ ఆక్షేపణ సమంజసమే. ఒంటరితనము ఒక మనుష్యుని మనస్సులోని దుఃఖము. ఖాళీగదిలో దుఃఖించుటకు ఎవరున్నారు? ఆ పటము ముందు నిలిచి ఒంటరితనమును అనుభవించువాడు దానిని తనతో తెచ్చుకొన్నవాడే. వెలుగు పడిన గోడ శాంతముగాను ఉండవచ్చును, భయంకరముగాను ఉండవచ్చును, ఉత్సాహకరముగాను ఉండవచ్చును. ఇండ్ల పైభాగమున పడు ఎండలో తనకొక విధమైన ఉల్లాసము తోచునని హాపర్ చెప్పియుండెను. ఈ పటముల విలువ అవి మనకొక భావమును అంటగట్టుటలో లేదు. ఏ భావమును అంటగట్టకుండ నిగ్రహించుకొనుటలో ఉన్నది.

హాపర్ వెలుగును నిలబెట్టగా, ఆండ్రూ వైయెత్ గాలిని పట్టెను. 1917లో పెన్సిల్వేనియాలోని చాడ్స్‌ఫర్డ్‌లో జన్మించిన ఈయన వేసవులను మెయిన్ రాష్ట్రపు సముద్రతీరమున గడపెడివాడు. అచట కుషింగ్ అను ఊరిలో క్రిస్టీనా ఓల్సన్, ఆమె తమ్ముడు ఆల్వరో నివసించిన పాతయింటి మీదిగదులు చాలకాలముగా వాడుకలో లేవు. 1947 వేసవిలో ఉక్కపోతగానున్న ఒకనాడు వైయెత్ అట్టి ఒక గదిలో కిటికీ తెరవగా, సముద్రమువైపునుండి గాలి వీచి, చిరిగిన జాలీతెరను లోనికి ఎగురవేసెను. అప్పటికప్పుడు చిత్తు గీసికొని, అట్టి గాలి మరల వీచుటకు వారాల తరబడి వేచి, ఆయన ‘విండ్ ఫ్రమ్ ది సీ’ని పూర్తిచేసెను. అది 18 అంగుళముల ఎత్తునకు కొంచెము మించిన చిన్నపటమే; కాని వర్ణచూర్ణమును గ్రుడ్డులోని పచ్చసొనతో కలిపి పలుచని పొరలుగా వేయు టెంపెరా పద్ధతిలో ఆ తెర దారములను ఒక్కొక్కటిగా ఆయన చిత్రించుటచేత, దాని గుండ పొలము, బండిదారి, దూరపు నీటిచాలు కనబడుచు, గది వెలుపలికిని వెలుపలిది గదిలోనికిని ప్రవహించుచున్నట్లుండును. మరుసటి సంవత్సరము ఆ ఇంటినిగూర్చియే ఆయన వేసిన ‘క్రిస్టీనాస్ వరల్డ్’ లోకమంతట పేరు గాంచినది, అందు మనుష్యురాలున్నది. ఆమె లేని ఈ చిన్నపటమును నేషనల్ గ్యాలరీ 2009లో సంపాదించి, 2014లో దానిని కేంద్రముగా చేసికొని వైయెత్ కిటికీపటముల ప్రదర్శనమొకటి నడపినది.

ఇక పటము పరిమాణమునుగూర్చి చెప్పవలెను. చిన్నపటములోని గదిని మనము వెలుపలినుండి తొంగిచూతుము. మన దేహముకంటె పెద్దదగు పటము ఎదుట నిలిచినచో ఆ గది మనలను లోనికి తీసికొనును. 1967లో రిచర్డ్ డీబెన్‌కార్న్ రచించిన ‘విండో’ అను పటము ఏడడుగులకు మించిన ఎత్తు గలది. నేడది కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కాంటర్ కళాకేంద్రములో ఉన్నది. ఒక ఖాళీకుర్చీ, దాని వెనుక కిటికీ, ఆవల దృశ్యము. అంతకు మించి లేదు. ఆ సంవత్సరమే ఆయన సాంటామోనికాలో ఆరంభించిన ‘ఓషన్ పార్క్’ పటములలో కుర్చీ కూడ మాయమైనది. కిటికీచట్రపు గీతలు, సముద్రతీరపు వెలుగు మాత్రము రెండు దశాబ్దములపాటు నూటనలువదికి మించిన కాన్వాసులలో నిలిచినవి. పెద్ద పటములను ఆడంబరమునకై గాక, చూపరితో సాన్నిహిత్యమునకై వేయుదునని మార్క్ రాత్కో చెప్పెడివాడు; పటము పెద్దదైనప్పుడు దానిని మనము వశపరచుకొనజాలము, దానిలో ఉండుట మాత్రమే సాధ్యమగును. ఆయన పటములు 14 గల రాత్కో చాపెల్ హ్యూస్టన్ నగరమున 1971లో వెలసినది. ఆ అష్టకోణమందిరమున పటములోని శూన్యమునకును గదిలోని శూన్యమునకును నడుమ గడప యొక్క గుర్తే కానరాదు.

అయినను గదిని గదిగానే ఉంచి, ఆ విశాలతను సాధింపవచ్చునని నిరూపించినవాడు రాక్‌స్ట్రా డౌన్స్. 1939లో ఇంగ్లండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఈయన ఫోటోల సాయము లేకుండ, చిత్రింపదలచిన చోటనే నెలల తరబడి నిలిచి, మిక్కిలి పొడవైన కాన్వాసులు రచించెను. ఒకే చోట నిలిచి తల త్రిప్పి చూచునప్పుడు తిన్నని గోడలు కూడ వంపు తిరిగినట్లు తోచును. ఆ వంపును దిద్దక, ఉన్నదున్నట్లు గీయుట ఆయన నియమము. 1990ల చివర న్యూయార్కులోని వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో అద్దెకు పోక ఖాళీగా నున్న ఒక అంతస్తును ఆయన చిత్రించెను. సామాను లేని ఆ కచేరీస్థలమున శీతకాలపు ఎండ కిటికీల సందులనుండి నేలమీద చాళ్ళుచాళ్ళుగా పడియుండును. 2001 సెప్టెంబరు 11వ తేదీన ఆ భవనములు కూలిపోయిన పిమ్మట, ఎవరును కాపురముండని ఆ గదికి ఈ పటములు వ్రాతసాక్ష్యమైనవి. వాటిని వేయునప్పుడు చిత్రకారుని మనస్సులో ఏ విషాదమును లేదు. కొలత తప్పరాదను పట్టుదల మాత్రమే ఉండెను. పటమునకు గౌరవము తెచ్చినది ఆ పట్టుదలయే.

పటమును కూడ తొలగించి గదినే మిగిల్చినచో ఏమగునను ప్రశ్నకు దక్షిణ కాలిఫోర్నియా కళాకారులు 1960ల చివరనుండి సమాధానములు వెదకిరి. రాబర్ట్ ఇర్విన్ 1977లో న్యూయార్కు విట్నీ మ్యూజియంలో ఒక అంతస్తును ఖాళీచేసి, పలుచని తెల్లతెర ఒకటి వ్రేలాడదీసి, కిటికీనుండి వచ్చు వెలుగును మాత్రమే ప్రదర్శించెను. జేమ్స్ టరెల్ కప్పునకు రంధ్రముంచి ఆకాశమునే పటముగా చూపు మందిరములను అనేకస్థలములలో కట్టించెను. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయ ప్రాంగణమున 2012లో వెలసినది వానిలో ఒకటి. వీరి ప్రయోగములు గొప్పవే గాని, నా అభిప్రాయమున హాపర్ పటము వానికంటె కష్టమైన పని చేసినది. నిజమగు వెలుగును గదిలోనికి రానిచ్చుట ఒక ఎత్తు. వెలుగు ఏ కొంచెమును లేని రంగుముద్దతో వెలుగును పుట్టించుట మరియొక ఎత్తు.

చదువరులలో పలువురకు పిల్లలో బంధువులో అమెరికాలో ఉన్నారు. అచటికి పోయివచ్చువారును, అచటనే స్థిరపడినవారును పెక్కండ్రు. యేల్ చిత్రశాలకు, నేషనల్ గ్యాలరీకి, కాంటర్ కేంద్రమునకు, రాత్కో చాపెల్‌కు ప్రవేశరుసుము లేదు. పటములను గోడలమీద మార్చుచుందురు గనుక, పోవుటకు ముందు విచారించుకొనుట మంచిది. పటము ఎదుట నిలిచినప్పుడు మొదట వెలుగు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో గుర్తింపుడు. పిమ్మట నీడలోని రంగును, నీడ అంచులోని మసకను చూడుడు. ఆ తరువాత చిత్రకారుడు నిలిచియున్నాడా కూర్చున్నాడా, అనగా మీ కన్ను గదిలో ఎంత ఎత్తున ఉన్నదని ఊహింపుడు. ఇంత చేసినంతలో ఆ గదిలో మీరొక చోట నిలిచియుందురు. సెల్‌ఫోనుతో ఫోటో తీసికొనుట ఆ తరువాతి పని.

ఒక మాట మన చిత్రకారులకు కూడ చెప్పవలసియున్నది. కృష్ణా గోదావరీ మండలములలోని మండువాలోగిళ్ళు, తెలంగాణములోని గడీలు, రాయలసీమలోని మిద్దెయిండ్లు దినదినము కూలిపోవుచున్నవి. నడిమింటి వాకిట పైనుండి దిగు పగటివెలుగు, దూలముల నీడ, వసారాలోని చల్లదనము మన కండ్లయెదుటనే కనుమరుగగుచున్నవి. ఆ ఇండ్లలోని మనుష్యులను మనము కథలలోను పటములలోను సమృద్ధిగా చిత్రించితిమి. ఆ వెలుగును మాత్రము ఇంకను తగినంతగా చిత్రింపలేదు. ఇంటివారు తాళము వేసికొని పట్టణమునకు పోయిన లోగిలిలో పెద్ద కాన్వాసు నిలిపి, సామాను లేని ఆ వసారాను కొలిచి, దానిలో కదలు ఎండను పట్టుటకు ఒక వేసవిని వినియోగింపగల చిత్రకారుడు మనకు కావలెను. ఇండ్లు నిలిచియున్నంతలోనే ఆ పని జరుగవలెను.